రాతి మీది రాత చదువుదాం: హైదరాబాద్ చుట్టూ మూడు రోజుల సఫర్

మన ఇళ్ళల్లో హైదరాబాద్ చూడటం అంటే ఒక లెక్క ఉంది. చార్మినార్ కింద ఒక ఫోటో, లాడ్ బజార్‌లో గాజులు, మదీనా దగ్గర బిర్యానీ, పిల్లలు మారాం చేస్తే జూ పార్క్. గుంటూరు నుంచో, కర్నూలు నుంచో, ఖమ్మం నుంచో షాదీకి వచ్చిన చుట్టాలను మనం తిప్పేదీ ఇంతే. ఈ తిరుగుడంతా గోడకు వీపు ఆనించి ఫోటోలు దిగడంతోనే సరిపోతుంది. ఆ గోడ మీద ఏం రాసి ఉందో తల తిప్పి చూసేవాళ్ళు తక్కువ. చూసినా చదివేవాళ్ళు ఇంకా తక్కువ.

ఎందుకు చదవలేకపోతున్నామో అందరికీ తెలుసు. తాతలు ఉర్దూలో ఉత్తరాలు రాసుకున్నారు. అబ్బాలు ఉర్దూ మాట్లాడారు, తెలుగులో చదువుకున్నారు. మన పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడుతున్నారు. ఉర్దూ రాత మాత్రం చేజారింది. పెట్టెలో దాచిన దాదా ఉత్తరం ఇప్పుడు ఇంట్లో ఎవరికీ అర్థం కాని కాగితం. ఆ కాగితానికి పట్టిన గతే ఊళ్ళోని గోడలకూ పట్టింది.

కానీ ఒక సంగతి మనం మరిచిపోతున్నాం. ఉర్దూ పోయిన ఇళ్ళల్లో కూడా నాజిరా మిగిలే ఉంది. పొద్దున్నే మక్తబ్‌కి వెళ్ళి అలిఫ్, బే నేర్చుకుని, జేర్ జబర్ పేష్ దిద్దుకుని ఖురాన్ ఖతం చేసిన పిల్లలు మన దగ్గర కొల్లలు. గోల్కొండ ఖబర్ల మీదా, బీదర్ మీనార్ మీదా ఉన్నది చాలామటుకు అరబీ, అందులోనూ ఖురాన్ ఆయతులే. అంటే ఆ గోడలకు తాళంచెవి మన పిల్లల చేతిలోనే ఉంది. తాళం ఎక్కడుందో మనం చూపించడం లేదు, అంతే.

అందుకని ఈసారి సెలవుల్లో ఒక పని చేద్దాం. మూడు రోజులు, ఏ రోజుకారోజు పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేలా, రాతి మీది రాతను వెతుక్కుంటూ తిరుగుదాం.

అక్షరమే శిల్పం

"ఇస్లాంలో బొమ్మ లేదు కాబట్టి శిల్పం లేదు" అనే మాట బయటివాళ్ళే కాదు, మనవాళ్ళూ అంటుంటారు. దక్కన్‌లో ఒక రోజు తిరిగితే ఈ మాట నిలవదు. మస్జిద్ గోడ మీద, ఖబర్ మీద మనిషి రూపం ఉండదు, నిజమే. ఆ చోటును అక్షరం తీసుకుంది. నల్లరాతి పలక మీద ఖత్తాత్ కలంతో గీత గీస్తాడు. సంగ్‌తరాష్ ఆ గీతను వదిలేసి చుట్టూ ఉన్న రాయినంతా ఉలితో తొలిచేస్తాడు. అక్షరం పైకి తేలుతుంది. దీన్ని శిల్పం అనక ఏమంటాం?

ఇందులో ఇద్దరి హునర్ ఉంది. రాసినవాళ్ళు చాలామంది ఇరాన్ వైపు నుంచి వచ్చిన ఉస్తాదులు. రాయి మాత్రం ఇక్కడిది. ఆ రాయి గుణం తెలిసి, ఎక్కడ కొడితే పగులుతుందో, ఎక్కడ కొడితే నిలుస్తుందో ఎరిగిన చేయి ఈ నేల మీద పుట్టిన చేయే అయి ఉండాలి. అప్పటికి వందల ఏళ్ళుగా గుళ్ళు కట్టిన పనివాళ్ళు ఇక్కడ ఉన్నారు. వాళ్ళలో ఎందరికి అరబీ చదవడం వచ్చి ఉంటుంది? చదవడం రాకుండానే ఒక్క నుఖ్తా కూడా జారనివ్వకుండా చెక్కారంటే ఆ చేతులకు సలామ్ చెప్పాల్సిందే. సుల్తాన్ పేరు రాతి మీద ఉంది. ఖత్తాత్ పేరు ఎక్కడో ఒకచోట దస్తఖత్‌గా దొరుకుతుంది. చెక్కినవాడి పేరు లేదు. మనలో ఎక్కువమంది తాతలు నవాబులు కారు. రాయి కొట్టినవాళ్ళు, సున్నం నూరినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు, బట్ట నేసినవాళ్ళు. ఈ సఫర్‌లో మనం వెతకాల్సింది వాళ్ళ చేతి గుర్తులను.

బయల్దేరే ముందు పిల్లలకు నాలుగు విషయాలు చెప్పి పెట్టండి. రాతలో రకాలున్నాయి. నిలువు గీతలు కోటలో బల్లేల్లా పొడుగ్గా లేచి, కింద అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటే అది సుల్స్. గోడల మీద పెద్ద రాతకు ఎక్కువగా వాడింది ఇదే. ముస్‌హఫ్‌లో చూసే రాతకు దగ్గరగా ఉంటే నస్ఖ్. ఎడమకు వాలుతూ ఉయ్యాల ఊగినట్టుంటే నస్తాలీఖ్. ఫార్సీ, ఉర్దూ రాసేది అందులోనే. గీతలన్నీ మూలమట్టం పెట్టి గీసినట్టుంటే కూఫీ. అక్షరాలతో ఒక ఆకారం అల్లితే అది తుగ్రా. మొదట "అల్లాహ్" వెతకమనండి, తర్వాత "ముహమ్మద్", తర్వాత బిస్మిల్లాహ్. ఈ మూడూ దొరికితే ధైర్యం వస్తుంది, మిగతా అక్షరాలు వాటంతటవే విడిపోతాయి.

తర్వాత సంవత్సరం వెతకాలి. అంకెల్లో సున్నా అంటే చుక్క. ఐదు అంటే మన సున్నాలాంటి గుండ్రం. ఒకటి అంటే నిలువు గీత. ఏడు పైకి నోరు తెరిచి ఉంటుంది, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టు. ఆ హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఈసవీ సంవత్సరం దాదాపుగా వస్తుంది. చార్మినార్ హిజ్రీ 1000 నాటిది. 970కి 622 కలపండి, 1592. హిజ్రీ 1000 మొదలైంది 1591 అక్టోబర్‌లో కాబట్టి పుస్తకాల్లో 1591 అని ఉంటుంది. ఏడాది తేడా వస్తే పిల్లలను తప్పు పట్టకండి.

మొదటి రోజు: దారుషిఫా నుంచి పత్తర్‌గట్టి దాకా

సాలార్‌జంగ్ మ్యూజియంతో మొదలుపెడదాం. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర దివాన్‌గా చేసి, ఆ తర్వాత బతుకంతా వస్తువులు కూడబెట్టడానికే ఇచ్చేశాడు. షాదీ చేసుకోలేదు. 1949లో ఇంతికాల్ అయ్యేనాటికి పిల్లలు లేరు, ఇల్లు నిండా వస్తువులు మాత్రం ఉన్నాయి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ఆ ఇంటినే, దివాన్ దేవ్‌డీని, మ్యూజియంగా తెరిచాడు. వారసుల మధ్య అదాలత్‌లో రాజీ కుదిరాక, 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది.

అందరూ మొదట పరుగెత్తేది ముసుగు రెబెక్కా దగ్గరికి. ఇటలీ శిల్పి జియోవాన్నీ మరియా బెంజోనీ పాలరాతిని తడిసిన పల్చని బట్టలా చెక్కాడు. ముసుగు వెనక ముఖం కనిపిస్తుంది, ముసుగూ ముఖమూ ఒకే రాయి. 1876లో మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీ ఖాన్, రోమ్‌లో దాన్ని కొన్నాడు. ఈ రెబెక్కా మనకు పరాయిది కాదని పిల్లలకు చెప్పండి. హజ్రత్ ఇస్‌హాఖ్ అలైహిస్సలాం బీబీ. కాబోయే భర్తను దూరం నుంచి చూసి ముసుగు కప్పుకున్న అమ్మాయిగా యూదుల, ఈసాయీల కితాబులో ఆమె కథ ఉంది. కాసేపు నిలబడండి. రాతితో బట్ట నేయవచ్చని ఒక కారీగర్ నిరూపించిన చోటు అది.

తర్వాత గడియారం గంట కొట్టే బొమ్మను చూడటానికి జనం మూగుతారు. ఆ సందట్లోంచి జారుకుని అరబీ, ఫార్సీ కితాబుల గ్యాలరీకి వెళ్ళండి. ఈ సఫర్‌కు అసలు దర్వాజా అదే. చేతిరాత ఖురాన్‌లు అక్కడున్నాయి. వాటిలో ఒకటి యాఖూత్ ముస్తఅసిమీ రాసినదనీ, దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబ్‌ల దస్తఖత్‌లు ఉన్నాయనీ మ్యూజియం చెప్తుంది. యాఖూత్ బాగ్దాద్‌లో చివరి అబ్బాసీ ఖలీఫా ముస్తఅసిమ్ దగ్గర పనిచేసిన కాతిబ్. 1258లో మంగోలులు నగరాన్ని తగలబెడుతుంటే ఆయన ఒక మీనార్ ఎక్కి కూర్చుని రాత సాధన చేశాడని ఒక కథ. కథ నిజమో కాదో గానీ, రెల్లు కలం మొనను ఏటవాలుగా కోసి రాతకు కొత్త నడక నేర్పిన ఉస్తాద్‌గా తారీఖ్ ఆయన్ను గుర్తుపెట్టుకుంది. కాగితం మీద ఆ నడకను పిల్లలకు ఇక్కడ చూపించండి. రేపు గోల్కొండలో రాతి మీద అదే నడక కనిపిస్తుంది.

మ్యూజియం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే బాద్‌షాహీ ఆషూర్‌ఖానా ఉంది. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షాహే కర్బలా షహీదుల యాదిలో దీన్నీ కట్టించాడు. షియా భాయిల ఇబాదత్, మాతం జరిగే చోటు. చెప్పులు విడిచి, గొంతు తగ్గించి లోపలికి వెళ్ళాలి. సున్నీలమైనా, ఇంకెవరమైనా ఆ అదబ్ అందరికీ వర్తిస్తుంది.

లోపలి గోడలు చూశాక నోట మాట రాదు. పసుపు, నీలం, ఫీరోజా రంగుల కాశీకారి. ఇది రంగు పూసిన పలక కాదు. ఒక్కో రంగు పలకను విడిగా కాల్చి, చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్కలను ఒకదాని పక్కన ఒకటి అతికిస్తూ అలం ఆకారాలూ, షట్కోణాలూ, తీగలూ, అక్షరాలూ అల్లారు. ఈ పని పూర్తయింది హిజ్రీ 1020లో. పిల్లలతో లెక్క వేయించండి, 1611 వస్తుంది.

ఈ గోడల మీద తారీఖ్ రాసిన దెబ్బలూ ఉన్నాయి. 1687లో ఔరంగజేబ్ గోల్కొండను గెలిచాక ఈ చోటు బండీఖానాగా మారిందని చెప్తారు. బాద్‌షా ముస్లిమే, పాడైందీ ముస్లింల ఇబాదత్‌ఖానాయే. తారీఖ్‌ను హిందూ, ముస్లిం అని రెండు డబ్బాల్లో సర్దేవాళ్ళకు ఈ గోడ ముందు పని లేదు. తర్వాత నిజాం అలీ ఖాన్ కాలంలో మళ్ళీ ఖర్చులకు ఏర్పాటు జరిగింది, ముందువైపు చెక్క స్తంభాల దాలాన్ లేచింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నీళ్ళు లోపలికి వచ్చి గోడల కింది భాగం పలకలు రాలిపోయాయి. ఆ చోట తర్వాత రంగుతో నింపారు. అసలుకూ అతుకుకూ తేడా ఎక్కడ మొదలవుతుందో పిల్లలను కనిపెట్టమనండి. పెద్దవాళ్ళకంటే ముందు వాళ్ళే చెప్తారు.

రెండో రోజు: గోల్కొండ ఖబర్ల మధ్య

ఖిలా జోలికి ఈసారి వెళ్ళొద్దు. దాని పక్కనున్న సాత్ గుంబద్‌కి పొద్దున్నే వెళ్ళండి. పేరుకు ఏడు గుంబద్‌లు గానీ లోపల చిన్నవీ పెద్దవీ కలిపి వందకు పైగా కట్టడాలున్నాయి. మొదటి సుల్తాన్ ఖులీ తన మఖ్బరాను తానే కట్టించుకుని 1543లో హత్యకు గురయ్యాడు. అక్కడి నుంచి నూట ముప్పై ఏళ్ళు ఖానదాన్ అంతా ఇక్కడే నిద్రపోయింది. చివరి సుల్తాన్ అబుల్ హసన్ తానాషా ఒక్కడికే ఇక్కడ చోటు దక్కలేదు. దౌలతాబాద్‌లో ఖైదీగా చనిపోయి ఖుల్దాబాద్‌లో మట్టయ్యాడు.

రాజులే కాదు, హకీములు, సిపాహ్‌సాలార్లు, ఆస్థానంలో పాడిన తారామతి, ప్రేమామతి కూడా ఇక్కడే ఉన్నారు. హయాత్ బక్షీ బేగం మజార్ తప్పక చూపించండి. ముహమ్మద్ ఖులీ కూతురు, ముహమ్మద్ ఖుతుబ్ షా భార్య, అబ్దుల్లా ఖుతుబ్ షా తల్లి. ముగ్గురు సుల్తాన్ల మధ్య సల్తనత్‌ను నడిపిన ఔరత్. 1667లో ఇంతికాల్ అయింది. హయత్‌నగర్ బస్సెక్కే మన ఆడపిల్లలకు ఆ పేరు ఎవరిదో తెలియాలి.

గుంబద్‌ల ఎత్తు చూసి మెడ నొప్పి పుట్టాక లోపలికి దిగి ఖబర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చోండి. నున్నగా మెరిసే నల్లరాయి, మెట్లు మెట్లుగా పేర్చిన పలకలు, వాటి చుట్టూ వరసలుగా రాత. ఖురాన్ ఆయతులు, షియా దరూద్, చనిపోయిన సుల్తాన్ పేరు, తారీఖ్. ఆయతుల్ కుర్సీ వచ్చిన పిల్లల్ని ముందుకు పిలవండి. నోటికి వచ్చిన ఆయత్‌ను ఒక్కో మాటా రాతితో పోల్చుకుంటూ వెళ్ళమనండి. "అల్లాహు లా ఇలాహ" దొరికిందంటే తర్వాతి మాట ఎక్కడుందో వేలు దానంతటదే వెతుక్కుంటుంది. రాయిని తాకనివ్వకండి, గాలిలోనే చూపమనండి. నాజిరా చదివింది పరీక్ష కోసం కాదని, నాలుగు వందల ఏళ్ళ కింద ఒకడు రాసిన దాన్ని ఈ రోజు చదవడానికి కూడా అని ఆ క్షణంలో అర్థమవుతుంది. ఉస్తాద్ బెత్తం పట్టుకుని నేర్పలేనిది ఇదే.

ఇక్కడ రాతితో సమానంగా చూడాల్సింది గచ్చు పని. గచ్చు మన తెలుగు మాటే అనుకుంటాం, ఫార్సీ గచ్ నుంచి వచ్చింది. గానుగలో వారాల తరబడి నూరిన సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ రసం లాంటివి కలిపి, తడి ఆరకముందే చేత్తో, కరణితో పూలూ ఆకులూ తీర్చడం ఆ హునర్. గుంబద్ మొదట్లో తామర రేకులు విచ్చుకున్నట్టు ఉన్న అంచు చూడండి. ఈ నేల పువ్వు ఆ గుంబద్‌కు పాదం అయింది.

ఈ కట్టడాలు మనదాకా నిలవడం వెనక కూడా మనుషులున్నారు. రోమ్‌లో రెబెక్కాను కొన్న మొదటి సాలార్‌జంగే పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఖబరస్తాన్‌ను బాగుచేయించాడు, బాగ్‌లు వేయించాడు. ఇరవయ్యో శతాబ్దంలో మరమ్మతుల పేరుతో సిమెంటు వచ్చింది. సిమెంటు గట్టిది కదా అనుకుంటాం. కానీ సున్నపు గోడ ఊపిరి పీల్చుకుంటుంది, సిమెంటు ఆ ఊపిరి ఆపుతుంది. లోపల చేరిన నీరు బయటికి పోలేక గచ్చును ఉబ్బించి రాలగొడుతుంది. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్ ఆ సిమెంటును చెక్కి తీసేసి, పాత పద్ధతిలో సున్నం నూరించి, కారీగర్లతో పదేళ్ళకు పైగా పని చేయించింది. ఎండిపోయిన బావులు మళ్ళీ నీళ్ళు పట్టాయి. హునర్ చచ్చిపోలేదు, పని ఇచ్చేవాళ్ళు లేక పడుకుంది.

తిరిగి వచ్చే దారిలో కార్వాన్‌లో తోలీ మస్జిద్ దగ్గర అసర్ చదవండి. 1671లో అబ్దుల్లా ఖుతుబ్ షా కొలువులోని మూసా ఖాన్ కట్టించాడు. మక్కా మస్జిద్ పనిలో ఖర్చయిన ప్రతి రూపాయికీ ఒక దమ్డీ ఆయనకు దక్కిందని, ఆ దమ్డీలన్నీ పోగేసి దీన్ని కట్టాడని జనం చెప్పుకుంటారు. అందుకే దమ్డీ మస్జిద్ అనీ పేరు. ముందున్న ఐదు కమాన్ల మీద గచ్చు నగిషీ చూడండి. పెద్ద మస్జిద్‌ల నీడలో పడి ఎవరూ చూడని చిన్న మస్జిద్, పనితనంలో వాటికి ఏం తక్కువ కాదు.

బీదర్‌కి ముందు ఒక పూట

మూడో రోజు బీదర్. దానికి ముందు ఏదో ఒక సాయంత్రం బాగ్-ఎ-ఆమ్‌లోని స్టేట్ మ్యూజియంకి ఒక పూట ఇవ్వండి. పిల్లలు మమ్మీని చూస్తామంటారు, చూపించండి. తర్వాత అజంతా చిత్రాల నకళ్ళున్న గదికి తీసుకెళ్ళి ఒక మనిషి గురించి చెప్పండి.

1914లో నిజాం సర్కార్ ఆసార్-ఎ-ఖదీమా మహకమా పెట్టింది. దానికి నాజిమ్ గులాం యజ్దానీ, ఢిల్లీలో పుట్టిన ఆలిమ్. అజంతా అప్పుడు హైదరాబాద్ రియాసత్‌లోనే ఉండేది. గుహల గోడల నుంచి బుద్ధుడి చిత్రాలు పెచ్చులుగా రాలిపోతున్నాయి. వాటిని నిలబెట్టడానికి 1920లో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించారు. ఆ తర్వాత యజ్దానీ ఏళ్ళ తరబడి కూర్చుని అజంతా మీద పెద్ద పెద్ద సంపుటాలు వెలువరించాడు. నమాజీ మనిషి, బౌద్ధ గుహను తన అమానత్ అనుకున్నాడు. ఇటాలియన్లు పూసిన వార్నిష్ కాలక్రమంలో పసుపు తిరిగి తర్వాతివాళ్ళకు తలనొప్పి తెచ్చింది, అది వేరే కథ. నియ్యత్ మాత్రం ఆ గది గోడల మీద కనిపిస్తుంది. 1959లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్ ఇచ్చింది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆ పేరు ఎక్కడుంది?

అదే యజ్దానీ బీదర్ మీద రాసిన పుస్తకం 1947లో వచ్చింది. అక్కడి ప్రతి కట్టడాన్నీ, ప్రతి కత్బానూ అక్షరం అక్షరం చదివి పెట్టాడు. ఆయన అడుగుల్లోనే మూడో రోజు వెళ్దాం.

మూడో రోజు: బీదర్

హైదరాబాద్ నుంచి 140 కిలోమీటర్లు. ఫజర్ చదివి బయల్దేరితే నాష్తా బీదర్‌లోనే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా, రాష్ట్రాలు విడగొట్టినప్పుడు కన్నడ వైపు వెళ్ళింది. బజార్‌లో ఉర్దూ, కన్నడ, తెలుగు, మరాఠీ నాలుగూ వినిపిస్తాయి.

మహమూద్ గవాన్ మద్రసా దగ్గర ఆగండి. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి బహమనీ సల్తనత్‌కు వజీర్ అయిన మనిషి 1472లో కట్టించిన మూడంతస్తుల చదువుల ఇల్లు. ముందు గోడంతా రంగు పలకలతో ఉండేది. ఇప్పుడు ఒక్క మీనార్, కొంత గోడ మిగిలాయి. నీలం, తెలుపు పలకల వరసలో ఖురాన్ ఆయత్ సుల్స్‌లో పరుగెడుతూ, పలక రాలిన చోట ఠక్కున ఆగిపోతుంది. ఆగిన చోట నుంచి నోటితో పూర్తి చేయమని పిల్లలకు చెప్పండి. 1696లో మొఘల్ సిపాయిల మందుగుండు లోపల పేలి ఒక పక్క కూలింది. కట్టించిన గవాన్ గతి ఇంకా ఘోరం. దొంగ ఉత్తరం ఒకటి పుట్టించి దర్బారులోని శత్రువులు ఆయన్ను ద్రోహిని చేశారు, 1481లో సుల్తాన్ తల తీయించాడు. రాతను నేర్పడానికి ఇల్లు కట్టినవాడు అబద్ధపు రాతకు బలయ్యాడు.

ఊరి బయట అష్టూర్ వెళ్ళే దారిలో హజ్రత్ ఖలీలుల్లాహ్ చౌఖండీ ఉంది. ఎనిమిది పలకల కట్టడం. దర్వాజా మీద నల్లరాతి కత్బా చూడండి. దక్కన్‌లో ఇంత అందంగా చెక్కిన రాత అరుదు. షీరాజ్‌కు చెందిన ముగీస్ దాన్ని రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, తీగలతో పెనవేసుకుని ఉంటాయి. చదవడానికి టైమ్ పడుతుంది. తొందర పెట్టకండి.

అష్టూర్‌లో అహ్మద్ షా వలీ బహమనీ మజార్. రాజధానిని గుల్బర్గా నుంచి బీదర్‌కు మార్చిన సుల్తాన్, 1436లో ఇంతికాల్. లోపల గుంబద్ నిండా బంగారు, ఎరుపు రంగుల్లో రాత. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా నిలబడాలి. ముస్లింలకు ఆయన వలీ, లింగాయతులకు అల్లమప్రభు అవతారం. ఆయన ఉర్స్‌కు ఇప్పటికీ జంగమయ్య వస్తాడు. ఎవరో కమిటీ వేసి కుదిర్చిన సామరస్యం కాదిది, ఊళ్ళు తరాలుగా నడిపిస్తున్న రస్మ్.

సాయంత్రం బిద్రీ కార్‌ఖానాలకు వెళ్ళండి. జస్తాలో కాస్త రాగి కలిపి పోత పోస్తారు. ఉలితో నఖ్ష్ తవ్వి, గాడిలో వెండి తీగ పెట్టి కొడతారు. చివరికి ఖిలాలోని పాత మట్టిని నవసాగరంతో కలిపి మరిగించి పూస్తారు. జస్తా నల్లబడుతుంది, వెండి వెండిలాగే మెరుస్తుంది. సాలార్‌జంగ్‌లో అద్దం వెనక చూసిన హుక్కాలు, పాన్‌దాన్‌లు ఇలాంటి అరుగుల మీదే పుట్టాయి. అక్కడ నవాబు పేరుంది. ఇక్కడ కారీగర్ మన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. పిల్లల్ని ఆయన పక్కన కూర్చోబెట్టండి, పేరు అడిగి రాసుకోమనండి. కొనగలిగితే చిన్న వస్తువైనా బేరం చేయకుండా కొనండి.

మన ఊరి మస్జిద్‌లో

ఈ మూడు రోజులూ తిరిగాక ఇంటికి వచ్చి చేయాల్సిన పని ఒకటుంది. గోల్కొండకూ బీదర్‌కూ పహరా ఉంది, మహకమాలున్నాయి. మన ఊళ్ళలోని పాత మస్జిద్‌లకూ, దర్గాలకూ, ఖబరస్తాన్‌లకూ ఎవరున్నారు? కర్నూలులో హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుంబద్ నుంచి పేరు లేని పల్లె మస్జిద్‌ల దాకా పాతవి ఎన్నో ఉన్నాయి. ఎక్కడో మిహ్రాబ్ పైనో, దర్వాజా మీదో, హౌజ్ పక్కనో ఒక కత్బా ఉంటుంది. దాన్ని పాడుచేసేది చాలాసార్లు పరాయివాళ్ళు కాదు. రంజాన్‌కు ముందు మనమే ఎనామిల్ పెయింట్ పూస్తాం. చందాలు వసూలు చేసి మనమే బాత్‌రూమ్ టైల్స్ అతికిస్తాం. నియ్యత్ మంచిదే, అల్లాహ్ ఇల్లు మెరవాలని. కానీ ఆ టైల్ వెనక ఉన్న పలక మీద మస్జిద్ ఎవరు కట్టారో, ఏ సాల్‌లో కట్టారో, ఎంత జమీన్ దానికి రాసిచ్చారో ఉండొచ్చు. ఈ రోజుల్లో, ప్రతి ఖబరస్తాన్‌కూ కాగితం చూపమని అడుగుతున్న రోజుల్లో, ఆ రాయే మన కాగితం. దాన్ని మన చేత్తో మనమే మూసేస్తున్నాం.

ఖుతుబ్ షాహీల ఫర్మాన్లు ఫార్సీలో ఒకసారి, తెలుగులో ఒకసారి రెండూ ఒకే కాగితం మీద రాసినవి ఉన్నాయి. ఇబ్రహీం ఖుతుబ్ షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు, కావ్యం అంకితమిచ్చారు. రెండు రాతలు ఒకే పలక మీద ఇమిడిన నేల ఇది. కాబట్టి మన పని కష్టమైంది కాదు. ఊరి మస్జిద్‌లో కత్బా వెతకండి. తడిగుడ్డతో కూడా రుద్దకుండా, పొద్దుటి ఏటవాలు వెలుగులో ఫోటో తీయండి. చదవగలిగిన హాఫిజ్ సాబ్‌తోనో, మౌలానాతోనో చదివించండి, సాల్ లెక్కగట్టండి. తెలుగులో నాలుగు లైన్లు రాయించి, రాయిని తాకకుండా పక్కన ఒక చిన్న బోర్డు పెట్టండి. అప్పుడు ఆ ఊళ్ళో ఏ మజహబ్ వాడైనా చదువుకుంటాడు.

వచ్చే మరమ్మతు కమిటీ మీటింగ్‌లో టైల్స్ రంగు గురించి బహస్ మొదలయ్యే ముందు ఒకరు లేచి, "ఆ పాత రాయి ఉన్నచోటే ఉండనివ్వండి, దాని మీద ఏముందో మొదట చదువుదాం" అనాలి. గోల్కొండ చూసి వచ్చిన పిల్లలు ఎవరైనా ఆ మాట అన్నా, పెద్దలు వింటారనే నా ఉమ్మీద్.